మైకులో పిలిచిన ఆమె

ఆమె పోయిందన్న సంగతి నాకు ఆళ్లగడ్డ బస్టాండులో తెలిసింది. రుద్రవరం వైపు మనిషి ఒకాయన అక్కడ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఎప్పుడో ఆమె ఇంటికి నేను పోయినప్పుడు చూసిన మనిషి. నన్ను గుర్తుపట్టి పలకరించాడు. వానల సంగతీ శనగ పంట సంగతీ మాట్లాడాక, "ఆమె పోయింది, తెల్సునా అన్నా? నెల దాటె," అన్నాడు.

నాకు తెలియదు. నాకు కబురు పెట్టాలని ఎవరికి తోస్తుంది? వాళ్ళకు నేను చుట్టాన్నీ కాను, ఊరివాణ్ణీ కాను.

"ఎవరామె?" అని పక్కనున్న ఇంకొకాయన అడిగాడు.

"అదేనప్పా, నంద్యాల మీటింగులో మొగుణ్ణి మైకులో పిలిచినామె."

"ఓ, ఆమెనా! నోరు గదప్పా అది. పాపం ఆ మొగుడు ఎట్ల ఏగినాడో."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో చెడేమీ లేదు. పోయినవాళ్ళను తలుచుకుని పల్లెల్లో మామూలుగా నవ్వుకునే నవ్వే. బస్సు వచ్చింది, ఎక్కి పోయారు. నేను మాత్రం నా బస్సు వచ్చి పోయినా అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ నవ్వు ఆమె తానే కోరి తన మీద వేసుకున్నది. ఎందుకు వేసుకుందో తెలిసినవాళ్ళు చాలా తక్కువ మంది. వాళ్ళలో నేనొకణ్ణి. పేర్లు మాత్రం రాయను. ఊరు రుద్రవరం దగ్గరి పల్లె అనుకుంటే చాలు.

నేను నంద్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. నాకు నాణేల మీద మోజు. ఒక మహానుభావుడి శతజయంతి వచ్చిందనో, ఒక సంస్థకు వందేళ్ళు నిండాయనో ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక నాణెం వేస్తుంది. దాన్ని సభ పెట్టి విడుదల చేస్తారు. అసలు విడుదల ఢిల్లీలోనో హైదరాబాదులోనో జరిగినా, తర్వాత మా వైపు అభిమానులు ఇంకో సభ పెట్టి జనానికి చూపిస్తారు. వేదిక మీద నాణెం బొమ్మ పెద్దగా వేయించి దాని మీద పట్టుగుడ్డ కప్పుతారు. పెద్దమనిషి వచ్చి గుడ్డ లాగుతాడు. వేదిక మీది వాళ్ళకు ముఖమల్ పెట్టెల్లో నాణేలు ఇస్తారు. కింద కూర్చున్న మాబోటి వాళ్ళు చప్పట్లు కొట్టి ఇంటికి రావాల్సిందే. ఆ నాణెం చెలామణీలోకి రాదు, సభలో అమ్మరు. అయినా పోతాం. ఎందుకు పోతామంటే చెప్పడం కష్టం.

అలాంటి ఒక సభలోనే, నంద్యాలలో ఒక కల్యాణమండపంలో, ఆమెను మొదటిసారి చూశాను. నేను దారి పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఒక సన్నపాటి మనిషి, యాభై దాటి ఉంటాయి, వచ్చి నా ముందు నిలబడింది.

"ఆ కుర్చీ నాకియ్యప్పా. నువ్వు లోపలికి జరుగు. ఒక కుర్చీ వదిలిపెట్టి జరుగు."

మోకాళ్ళ నొప్పులేమో అనుకుని జరిగాను. మధ్యలో వదిలిన కుర్చీలో తన భర్తను కూర్చోబెట్టింది. పొడుగాటి మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, పంచె, భుజాన కావిరంగు కండువా, ఎడమ చెవికి పోగు. ఇవతల ఆమె, అవతల నేను. ఆయన లేవాలంటే ఇద్దరిలో ఎవరినో ఒకరిని దాటాల్సిందే. నన్ను అక్కడ గోడగా నిలబెట్టుకుందని ఆ రోజు నాకు తెలియలేదు.

ఆయన నాణేల గురించి చక్కగా మాట్లాడాడు. అంచున గాట్లు ఎట్లా ఉంటాయో, ఏ టంకశాల గుర్తు ఎక్కడ ఉంటుందో చెప్పాడు. నాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. నేను నోరు తెరిచేలోపు ఆమె అందుకుంది.

"ఇప్పుడే గదా చెప్పినాడు! నాకు ఇనపడ్లేదని నువ్వు మళ్ళా అడగాల్నా? నంద్యాలంట, నంద్యాల!"

చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు. ఆయన చిన్నగా నవ్వి ఊరుకున్నాడు.

ఆ తర్వాత చాలా సభల్లో కలిశాం. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు ఎక్కడైనా వాళ్ళిద్దరూ ఉండేవాళ్ళు. ఆయనను నేను అన్నా అనీ, ఆమెను వదినా అనీ పిలవడం అలవాటైంది. సభలకు వచ్చే మా నాణేల వాళ్ళు మాత్రం ఆమె లేనప్పుడు పోలీసమ్మ అనేవాళ్ళు.

ఆమె నడిచేటప్పుడు ఆయన చొక్కా చేతి మడతలో ఒక వేలు దూర్చి పట్టుకునేది. చెయ్యి పట్టుకున్నట్టు కనపడదు, వదిలిపెట్టినట్టూ ఉండదు. మనతో మాట్లాడుతున్నా ఆమె చూపు మన భుజం మీదుగా ఆయన దగ్గరికి పోయి వచ్చేది. ఎవరైనా "ఎట్లుండావన్నా?" అని ఆయన్ను అడిగితే ఆమే జవాబు చెప్పేది. "బాగుండాడు. ఏం కావల్ల?" అనేది. అడిగినవాడి ముఖం మాడిపోయేది.

ఆయన మరుగుదొడ్డికి పోతే ఆమె మగవాళ్ళ తలుపు బయటే నిలబడేది. "ఉండావా?" అని కేకేసేది. లోపలినుంచి "ఉండా" అని రావాలి. రాకపోతే లోపలికి పోయేవాళ్ళను పట్టుకుని, "తెల్లంగి ఆయప్ప లోపల ఉండాడా సూసి చెప్పప్పా," అని అడిగేది. సిగ్గుపడేది కాదు. సిగ్గుపడి తలుపు దగ్గరనుంచి పక్కకు తప్పుకునేది మగవాళ్ళే.

ఒకసారి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆయనతో పాత నాణెం గురించి ఏదో చర్చ పెట్టాడు. మా అన్న చెబుతూ చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాడు. ఆ మాట కోసం వెతుక్కుంటున్నట్టు కండువా కొస నలుపుతున్నాడు. అంతే, ఆమె విరుచుకుపడింది.

"ఇంటికాడ పని లేదా మీకు? ఎప్పుడు సూసినా బిళ్ళలు, బిళ్ళలు! లెయ్‌వయ్యా, బస్సు పోతాది!"

బస్సుకు ఇంకా చాలా టైముంది. ప్రొద్దుటూరాయన నొచ్చుకుని, "మనిషిని ఊపిరి పీల్చుకోనియ్యదు," అన్నాడు నాతో. నాకూ అప్పుడు అలాగే అనిపించింది.

అసలు సంగతి ఆళ్లగడ్డలో తెలిసింది. కడపలో సభ ఉంటే ముగ్గురం కలిసి పోదామనుకున్నాం. వాళ్ళు పల్లె నుంచి ఆటోలో ఆళ్లగడ్డకు వచ్చారు, నేను నంద్యాల నుంచి వచ్చాను. అక్కడ రోడ్డు పక్క విగ్రహాలు చెక్కే శిల్పుల షెడ్లు వరసగా ఉంటాయి, వాటి ముందు నడుస్తున్నాం. బయట ఎండలో సగం చెక్కిన విగ్రహాలు నిలబెట్టి ఉన్నాయి. అన్న ఒక నాయకుడి విగ్రహం ముందు ఆగి చేతులు జోడించి, "బాగుండారా?" అని అడిగాడు. తమాషా చేస్తున్నాడనుకుని నేను నవ్వబోయాను. ఆయన జవాబు కోసం చూస్తున్నాడు.

"బాగుండాడులే, మనం పోదాం రా," అంది ఆమె.

ఆయన తిరిగి ఆమె ముఖంలోకి చూశాడు. చాలా మర్యాదగా, "నువ్వెవరమ్మా?" అన్నాడు.

"రుద్రవరం దాన్ని. నీతోపాటే పోతాండా," అంది ఆమె.

తడబడలేదు. రోజూ చెప్పుకునే జవాబులా చెప్పింది. కాని ఆయన చొక్కా మడతలో ఉన్న ఆమె వేలు బిగుసుకోవడం చూశాను. అప్పుడే ఆమె నన్నూ చూసింది. నేను చూశానని ఆమెకు తెలిసిపోయింది.

టీ అంగడిలో ఆయన్ను గోడవైపు కూర్చోబెట్టి, చేతికి బన్ను ఇచ్చి, నాతో మెల్లిగా చెప్పింది.

"మతిమరుపు జబ్బంట. కర్నూల్లో డాక్టరు చెప్పినాడు. తగ్గేది కాదంట. తొందరగా ముదరకుండా మాత్రలు రాసిచ్చినాడు."

"ఇంట్లో తెలుసా వదినా?"

"కొడుక్కు తెల్సు, కోడలికి తెల్సు. ఇప్పుడు నీకు తెల్సె. ఇంగెవరికీ తెలీదు, తెలియగూడదు."

"మరి ఇట్లా ఊర్లు తిప్పడం ఎందుకు? ఇంట్లోనే ఉంచుకోవచ్చు కదా?"

"ఉంచితే ఉంటాడా? పేపర్లో బిళ్ళ సంగతి కనపడిందంటే తెల్లంగి తొడుక్కుని రోడ్డెక్కుతాడు. ఒకతూరి నేను చేనికాడ ఉంటే అట్లే పోయినాడు. ఎవరో రుద్రవరంలో బస్సులోనుంచి దించి తెచ్చినారు. ఆ పొద్దు నా పానం నాకాడ లేదు." ఆయన టీ గ్లాసు దగ్గరికి జరిపింది. "ఇంగోటి ఉండాది. ఈ మీటింగుకు పోయొచ్చిన పొద్దు ఆయప్ప మామూలు మనిషైతాడు. మర్సనాడు గూడా. కసురుకుంటాడు, పేరు పెట్టి పిలుస్తాడు, కూర్లో ఉప్పు లేదంటాడు. దానికోసరం వస్తాండా నేను."

"ఊళ్ళో చెప్తే తప్పేముంది వదినా? జబ్బే కదా."

"నీకు తెలీదప్పా. మా ఊర్లో నీళ్ళ పంచాయితీ అంటే ఈయప్పే చెప్పాల. ఎవరి చేనికి ఎప్పుడు మడవ తిప్పి నీళ్ళు వదలాల్నో ఈయప్ప మాట మీదే జరిగేది. కత్తులు పట్టుకోనొచ్చినోళ్ళు గూడా ఈయప్ప చెప్తే ఇండ్లకు పోయినారు. అట్లాంటోణ్ణి మతి పోయినోడని ఎంటబడి నవ్వితే నేను సూడ్లేను. నన్ను ఏమన్నా అనుకోనీ. గయ్యాళిది, మొగుణ్ణి మాట్లాడనియ్యదు అంటే అననీ. ఆయప్పకు మాట తప్పిపోయిందని మాత్రం తెలియగూడదు."

అప్పుడు అర్థమైంది. ప్రొద్దుటూరాయన ముందు ఆమె ఎందుకు అరిచిందో, ప్రతి ప్రశ్నకూ ముందే ఎందుకు అడ్డం పడేదో. ఆయన తడబడబోయే చోటికి ఆమె ఒక అడుగు ముందే చేరుకునేది. అక్కడ తన నోరు పెట్టేది.

ఆ రోజు నుంచి నా నిమ్మళం పోయింది. అంతకుముందు సభకు పోతే నాణెం చూసేవాణ్ణి. తర్వాత తలుపులు చూడటం మొదలుపెట్టాను. ఏ హాలుకు ఎన్ని దారులున్నాయి, ఏ దారి రోడ్డు మీదికి పోతుంది, గేటు దగ్గర ఎవరున్నారు అని వెతికేవాణ్ణి. మరుగుదొడ్డి కాపలా నాకొచ్చింది. ఆయనతోపాటు లోపలికి పోయి, బయటినుంచి ఆమె "ఉండావా?" అంటే ఇద్దరం కలిసి "ఉండాం" అనేవాళ్ళం.

ఆమెకు అన్నిటికన్నా భయం ఆడవాళ్ళ వరస, మగవాళ్ళ వరస వేరుగా ఉండే సభలంటే. నంద్యాలలో ఆ పెద్ద సభ అలాంటిదే. కాలేజీ మైదానంలో షామియానాలు వేశారు. మంత్రి వస్తున్నాడని పోలీసులు గేటు దగ్గర రెండు వరసలు పెట్టి సంచులు వెతుకుతున్నారు. ఆమె నా చేతికి ఆయన చొక్కా మడత అందించింది. నిజంగానే, వేలు తీసి నా వేలు పెట్టింది.

"ఇడ్సొద్దు," అంది.

వదిలిపెట్టకూడదనే పట్టుకున్నాను. కాని గేటు ఒక్క మనిషి పట్టేంత ఉంది. ముందు ఆయన్ను తడిమి లోపలికి పంపారు. నా సంచిలో భూతద్దం ఉంది, నాణేలు పెట్టుకునే చిన్న రేకు పెట్టె ఉంది. తనిఖీ యంత్రం కూత పెట్టింది. "ఏముంది ఇందులో? తెరువు," అన్నాడు పోలీసు. "మా అన్న లోపలికి పోయినాడు సార్, ఒక్క నిమిషం," అన్నాను. "పోతే పోనీ, తప్పిపోయేకి పిల్లోడా?" అన్నాడు. పెట్టె మూత తెరిచి చూపించి తలెత్తేసరికి ఆయన లేడు.

ఆమె అవతలి వరసలోనుంచి బయటపడి వచ్చింది. నా ముఖం చూడగానే తెలుసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. మైదానం వైపు తిరిగింది.

నంద్యాలలో సభకు వచ్చిన మగవాళ్ళందరివీ తెల్లచొక్కాలే. షామియానా కింద ఎటు చూసినా తెలుపే. ఒక్కొక్క వీపునూ చూసుకుంటూ పోతున్నాం. పొడుగాటి మనిషి కనపడి ముందుకు పోయి చూస్తే ఇంకెవరో. వంటల షెడ్డు వెనక కంచె ఒకచోట తెగి ఉంది. అవతల రోడ్డు, రోడ్డు దాటితే కాలువ. కాలువలో ఆ రోజుల్లో నీళ్ళు నిండుగా వదిలి ఉన్నారు. లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

ఆమె ఆ కంచె దగ్గర నిలబడి రోడ్డుకు అటూ ఇటూ చూసింది. 

"వదినా, మైకులో చెప్పిద్దాం," అన్నాను.

"ఏమని చెప్పిస్తావ్?"

"ఒంట్లో బాగాలేని పెద్దాయన తప్పిపోయినాడు, కనపడితే తెచ్చియ్యండి అని."

"మా ఊరోళ్ళు ట్రాక్టరేసుకోని వచ్చినారు ఈ మీటింగుకు. ఆ మూలంతా వాళ్ళే."

"ఇప్పుడు ఊరి సంగతి ఆలోచిస్తావా వదినా? అవతల కాలువ ఉంది."

ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని వేదిక వైపు నడిచింది. పరిగెత్తలేదు. పరిగెత్తితే అందరూ చూస్తారనుకుందేమో. నేను వెనకే పోయాను. మంత్రి ఇంకా రాలేదు. కార్యకర్త ఒకడు మెట్ల దగ్గర చెయ్యి అడ్డం పెడితే ఆ చెయ్యి పక్కకు తోసి ఎక్కింది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు నిర్వాహకుడు.

"మైకు కావల్ల. మాయప్ప ఇంటి తాళాలు జోబీలో ఏసుకోని యాడికో పోయినాడు."

నేను అసలు సంగతి చెప్పబోయాను. ఆమె నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. నిర్వాహకుడు నవ్వి మైకు ఇచ్చాడు.

"ఏమయ్యో!" అంది.

మైదానం మొత్తం ఉలిక్కిపడింది. చెట్లకు కట్టిన మైకు గొట్టాల్లోనుంచి ఆ కేక రోడ్డు దాటి పోయింది.

"నీకే చెప్తాండా! పొడుగాయప్పా, కావిరంగు టవలు ఆయప్పా, ఎడమ చెవికి పోగు పెట్టుకున్న ఆయప్పా! యాడికి పోతాండావ్ తాళాలు ఎత్తుకోని? నేనేమన్నా నీ ఎనకాల తిరిగేకి జీతగత్తెనా? నీ బిళ్ళల మోజు పాడుగాను! అప్పా, అన్నా, కూచ్చున్నోళ్ళందరూ మీ పక్కన సూడండి! కాలవకాడ సూడండి, రోడ్డుమీద సూడండి! కనపడితే చెయ్యి పట్టుకోని తీసుకరాండి, ఇడ్సొద్దు! ఇడిస్తే మళ్ళా తప్పించుకుంటాడు!"

జనం విరగబడి నవ్వారు. ఈలలు వేశారు. "పాపం పారిపోనీలే అమ్మా!" అని ఎవరో అరిచారు.

"యాడికి పారిపోతాడు? నా చేతిలోనుంచి యాడికీ పోలేడు! నవ్వుతాండారేందీ, లేసి సూడండప్పా!" అంది మైకులో.

ఆ నవ్వుల్లోనే జనం లేచారు. పక్కవాళ్ళ చెవులు చూసుకుంటూ, ఒకరి టవలు ఒకరు లాగుతూ వెతకడం మొదలుపెట్టారు. అదొక ఆటయిపోయింది వాళ్ళకు. వాళ్ళ ఊరివాళ్ళైతే కేరింతలు. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి కింద కనపడనిది నాకు కనపడింది. ముందున్న బల్ల చాటున ఆమె రెండో చేతి వేలు తన కొంగు మడతలో దూరి బిగుసుకుని ఉంది. 

ఎంతసేపో తెలియదు. వంటల షెడ్డు వైపునుంచి గోల వినపడింది. ఇద్దరు పడుచువాళ్ళు మోటారుసైకిలు మీద ఆయన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని కంచె సందులోనుంచి వస్తున్నారు.

"అమ్మా, మీ ఆయప్ప కాలవలో దిగినాడు! కట్టమీద కూచ్చోనుంటే నీ మైకు ఇనపడింది మాకు. సూస్తే చెవికి పోగుండాది. ఎండకు తాళలేక దిగినాడేమో!"

ఆయన పంచె నడుము దాకా తడిసి ఉంది. ఆమె ఆ తడిని చూసింది. ఎక్కడిదాకా ఉందో కళ్ళతోనే కొలుచుకుంది. ఆ ఒక్క క్షణం ఆమె పడిపోతుందనుకుని చెయ్యి చాచాను. ఆమె పడలేదు.

"ఎండకు తాళలేక కాదప్పా, నా నోటికి తాళలేక!" అని గట్టిగా అంది. జనం మళ్ళీ ఘొల్లుమన్నారు.

కిందికి దిగి ఆయన్ను పట్టుకుంది. అన్న ముఖంలో ఆదుర్దా ఉంది. "ఆ పక్క మడవ తెగింది. నీళ్ళన్నీ పోతాండాయి," అన్నాడు, ఆమెను చూస్తూ, ఎవరో తెలియని మనిషికి కబురు చెప్పినట్టు.

"నేను మట్టేసి కట్టొచ్చినాలే. ఇంగ పోవు," అంది ఆమె చాలా మెల్లిగా.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "అట్లయితే సరే. నాణెం చూపించినారా?" అన్నాడు.

ఇంటికి పోదామంటే వినలేదు. ఆమె కుర్చీల మధ్య వంగి ఆయన పంచె కొసలు పిండింది. ఆయన సభ అయిపోయేదాకా తడి పంచెతోనే కూర్చున్నాడు. గుడ్డ లాగినప్పుడు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. సాయంత్రం నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కించాను. లోపల వాళ్ళ ఊరివాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. "ఏమన్నా, తాళాలిచ్చినావా?" అని ఒకడు అంటే బస్సంతా నవ్వింది. ఆమె వాణ్ణి బస్సు కదిలేదాకా తిట్టింది. అన్న కిటికీలోనుంచి నన్ను చూసి, "ఈమె ఎప్పుడూ ఇంతే, ఏం అనుకోవాకు," అన్నాడు. ఆమెను గుర్తుపట్టాడన్నమాట. ఆమె తిడుతూ తిడుతూ ఆగిపోయి ఆయన వైపు తిరిగింది. బస్సు పోయింది.

ఎవరో తీసిన వీడియో ఫోన్లలో చాలా రోజులు తిరిగింది. కొడుకు పరువు పోయిందని గొడవ పెట్టుకున్నాడట. ఆమె నాకు ఫోను చేసి చెప్పింది. "పోతే నాది పోయింది గానీ ఆయప్పది కాదు గదా అని చెప్పినా. ఇంగ మాట్లాడ్లేదు వాడు."

ఆ తర్వాత వాళ్ళను సభల్లో ఎక్కువ చూడలేదు. ఆయన మంచం పట్టాడు. తర్వాత పోయాడు. నేను పరామర్శకు పల్లెకు పోయాను. వసారాలో పెద్దలు కూర్చుని ఉన్నారు. నీళ్ళ తగాదాల్లో ఆయన చెప్పిన తీర్పులను ఒక్కొక్కరూ తలుచుకున్నారు. అట్లాంటి మాటకారి మళ్ళా పుట్టడన్నారు. అందులో ఒకాయన, ఆమె గడపలో ఉండగానే, "చివర్న ఆయప్ప నోరు తెరవడమే మానేసినాడప్పా. ఈమె ఉంటే ఎవరు తెరుస్తారు?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "అది కాదన్నా..." అని మొదలుపెట్టాను.

"నంద్యాల అన్నకు మంచినీళ్ళియ్యండే," అని ఆమె లోపలికి కేకేసింది. నా మాట అక్కడే తెగిపోయింది. నా వైపు చూడకుండానే చేతిలోని చేటను తిప్పి గింజలు ఏరుకోసాగింది.

కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. "నంద్యాలలో మళ్ళా బిళ్ళ వదుల్తాండారంట గదా. నేను వస్తా. చోటు పెట్టు."

ఒక్కతే వచ్చింది. బస్టాండు నుంచి హాలుకు నడుస్తుంటే ఆమె చేతులు ఏం చేయాలో తెలియనట్టు ఉన్నాయి. సంచిని ఈ చేతిలోకీ ఆ చేతిలోకీ మార్చుకుంటోంది. దారిలో అడిగాను.

"ఇప్పుడన్నా చెప్పొచ్చు కదా వదినా. అన్న పోయినాడు. నీ మీద మాట అట్లే నిలబడిపోతాంది."

"నిలబడనీలే. ఆయప్ప మంచి పేరుతో పోయినాడు. ఇప్పుడు మళ్ళా తవ్వేది ఎందుకు?" కొంచెం దూరం నడిచి, "నేను పోయినాక నీ ఇష్టం. పేరు మాత్రం ఎత్తాకు," అంది.

హాల్లో వెనకవైపు చోటు దొరికింది. సభ మొదలైంది. దీపం వెలిగించారు. ఆమె ముందుకు వంగి చూస్తోంది.

"ఇప్పుడేం చేస్తారప్పా?" అని అడిగింది.

"ఉపన్యాసాలు వదినా."

"మళ్ళా?"

"గుడ్డ తీస్తారు. ఎన్నిసార్లు రాలేదు నువ్వు, తెలియనట్టు అడుగుతున్నావే?"

"వస్తే మాత్రం? స్టేజీ దిక్కు సూసేకి నాకెప్పుడు కుదిరింది?"

నేను కొంచెం పక్కకు జరిగి, ఆమెకు వేదిక కనపడేట్టు సందు ఇచ్చాను. ఉపన్యాసాలు అయిపోయాయి. పెద్దమనిషి లేచి బొమ్మ దగ్గరికి నడిచాడు. ముందు వరసల్లో ఫోన్లు పట్టుకుని జనం లేచారు. ఆమెకు అడ్డం వచ్చింది. ఆమె కూడా లేచింది. వెనకనుంచి ఎవరో, "కూచ్చో పెద్దమ్మా, కనపడ్లేదు!" అని అరిచారు. ఇంకొకరు కుర్చీ వెనక తట్టారు.

ఎప్పటిలా విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె వెనక్కి తిరిగి చాలా నెమ్మదిగా, "ఒక్క నిమిషం ఉండండప్పా. సూసుకోనీండి," అంది.

గుడ్డ జారింది. లైటు పడి నాణెం బొమ్మ మెరిసింది. హాలంతా చప్పట్లు. ఆమె మునివేళ్ళ మీద నిలబడి, ముందు కుర్చీ వీపు పట్టుకుని, మెడ చాచి చూసింది. "ఓ, ఇదా," అంది తనలో తాను. ముందువాళ్ళు కూర్చున్నారు, చప్పట్లు ఆగిపోయాయి, తర్వాతి వక్తను మైకు దగ్గరికి పిలిచారు. ఆమె ఇంకా నిలబడే ఉంది. ఈసారి వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు.